కొండకి కేబినెట్ లేదా?

గాం మల్లుదొర 1952లో లోక్‌సభకి వెళ్ళాడు. విశాఖపట్నం నించి, ఏ పార్టీ తరఫునా కాదు, ఇండిపెండెంట్‌గా. అల్లూరి సీతారామరాజు దళంలో మనిషి, గాం గంటందొర సోదరుడు, 1923లో పట్టుబడి ఏళ్ళ తరబడి జైల్లో మగ్గినవాడు. స్వతంత్ర భారతదేశపు మొదటి సాధారణ ఎన్నికల్లో ఓట్లడిగి, గెలిచి, ఢిల్లీ వెళ్ళి కూర్చున్నాడు. ఈ సంగతి బాగా చదువుకున్న స్నేహితులకి చెప్పినా "నిజమా?" అంటారు. వాళ్ళ తప్పు కాదు. మనం చూసిన కథలో మల్లుదొరకి 1952 లేదు. అసలు 1924 మే 7 తర్వాత మన్యమే లేదు.

కృష్ణ సినిమా కొయ్యూరు దగ్గర ఆగిపోతుంది. ఆగాల్సిందే, అది సీతారామరాజు కథ కాబట్టి. 1974లో వచ్చిన ఆ సినిమా మీద నాకే ఫిర్యాదూ లేదు. జగ్గయ్య రూథర్‌ఫర్డ్‌ని, శ్రీశ్రీ పాటని, ఆ సినిమాస్కోప్ కొండల్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నా గొడవల్లా ఆ తర్వాతి యాభై ఏళ్ళ గురించి. మన సినిమాలే కాదు, నవలలూ కథలూ కూడా చాలావరకు అక్కడే ఆగిపోయాయి. కొండ మీది మనిషికి మనం తిరుగుబాటు ఇచ్చాం. కష్టాలిచ్చాం, జ్వరాలిచ్చాం, ధింసా ఇచ్చాం. రాజకీయం మాత్రం ఇవ్వలేదు.

రాజకీయం అనే మాటని పెద్ద అర్థంలో వాడటం లేదు. చిన్న, రోజువారీ, కాస్త మురికి అర్థంలోనే. పదవి ఎవరికి, వర్గం ఎవరిది, టిక్కెట్టు ఎవరికొచ్చింది, ఎవరు ఎందుకు పార్టీ మారారు, కేబినెట్‌లో చోటు ఎవరికి దక్కింది. కోస్తా ఊరి మీద నవల రాస్తే ఇవన్నీ వాటంతటవే వచ్చేస్తాయి. ప్రెసిడెంటూ, కరణమూ, మునసబూ, రెండు వర్గాలూ లేని పల్లె నవల తెలుగులో వెతకాల్సిందే. అదే రచయిత ఎస్.కోట దాటి ఘాట్ రోడ్డెక్కగానే ఊరంతా ఒక్క మాట మీదుండే అమాయకులైపోతారు. దొంగ బయటి నించి వస్తాడు: షావుకారు, ఫారెస్టు గార్డు, తహశీల్దారు. కాపాడేవాడూ బయటి నించే వస్తాడు: కాషాయం కట్టిన రాజు, లేకపోతే బడిపంతులు. శ్రీకాకుళంలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం నిజంగానే మాస్టార్లు, అది చరిత్ర. చరిత్రతో పేచీ లేదు. ఆ తర్వాత రాసినవాళ్ళు దాన్ని అచ్చుగా వాడుకోవడంతోనే పేచీ. మధ్యలో కొండ మనిషి ఏం చేస్తాడయ్యా అంటే, బాధపడతాడు, తర్వాత కదులుతాడు. ఆలోచించడం, బేరమాడటం, పక్క ఊరి పెద్దతో పడకపోవడం, రెండు వైపులా మాట ఇచ్చి మూడో వైపు వెళ్ళడం, ఇవేవీ చెయ్యడు.

చేశాడు. చేస్తూనే ఉన్నాడు. రికార్డుల్లో ఉంది.

ముఠా అంటే ఇవాళ మనకి గూండాల గుంపు. మన్యంలో ముఠా అంటే కొన్ని ఊళ్ళ చిన్న రాజ్యం. ఎలక్షన్లు లేని, జెండా లేని రాజ్యం గానీ, రాజ్యమే. ముఠాదారు పైకి కట్టుబడి చెల్లిస్తాడు, కింద వసూలు చేసుకుంటాడు, తగవులు తీరుస్తాడు, పదవి కొడుక్కి ఇస్తాడు. జమీందారు మారినా, కంపెనీ వచ్చినా, కలెక్టర్ వచ్చినా, ముఠా ఏదో రూపంలో నిలబడింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెగ్యులేషన్ తెచ్చి ముఠాల్ని రద్దు చేసింది 1969లో. అంటే మన అమ్మానాన్నల తరానికి ఊహ తెలిసే నాటికి కూడా అక్కడ ముఠాదార్లు ఉన్నారు. ఇంత దగ్గరి కాలంలో, వైజాగ్‌కి బస్సు దూరంలో, ఇలాంటి పాలన ఒకటి నడిచిందని చెప్పే తెలుగు నవల ఏదని అడిగితే నా దగ్గర చటుక్కున చెప్పడానికి పేరు లేదు.

ముఠాదార్లు అందరూ ఒకటి కాదు, అందులోనే ఉంది అసలు కథ. చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో సబాల్టర్న్ స్టడీస్ మొదటి సంపుటంలో గూడెం, రంప తిరుగుబాట్ల మీద ఒక వ్యాసం రాశాడు. 1839 నించి 1924 దాకా ఎనభై అయిదేళ్ళలో ఆ కొండల్లో మళ్ళీ మళ్ళీ లేచిన పితూరీల్ని ఒక వరసలో పెట్టి చూస్తాడు. అది చదివితే కనిపించేది ఏక కంఠం కాదు. పదవి పోయిన ముఠాదారు ఒకడు, పదవి కాపాడుకోవాలనుకునే ముఠాదారు ఇంకొకడు, సర్కారుతో ఉంటే లాభమనుకున్నవాడు మరొకడు. గంటందొర విషయమే తీసుకోండి. బట్టిపనుకుల మునసబు పదవి నించి అతన్ని తప్పించారు. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్‌తో అతనికున్న వైరం నరసీపట్నం-చింతపల్లి రోడ్డు పనిలో కూలీల ఒంటి మీది దెబ్బలకే పరిమితం కాదు, తన కుర్చీ గురించి కూడా. సినిమాకి ఇది ఇబ్బంది. కుర్చీ కోసం కోపగించుకున్నవాడు హీరో పక్కన బాగుండడు. నాకు మాత్రం గంటందొర ఇక్కడే మనిషిగా కనిపిస్తాడు. సొంత ఫిర్యాదు ఉన్నవాడు, దాన్ని ఊళ్ళందరి ఫిర్యాదుతో కలపడం తెలిసినవాడు. రాజకీయ నాయకుడంటే అంతకన్నా ఏం కావాలి?

పితూరి అన్న మాట సంగతి చూడండి. 1879-80ల్లో రంపలో లేచింది పితూరి. కలెక్టర్లు భయపడి సైన్యాన్ని పిలిపించుకున్న మాట. ఇప్పుడు తెలుగులో పితూరి అంటే చాడీ. "వాడి మీద పితూరీలు చెప్పకు" అంటాం చిన్నపిల్లలతో. ఒక తిరుగుబాటు మాట నూటయాభై ఏళ్ళలో ఎలా కుంచించుకుపోయిందో భాషావేత్తలు చెప్పాలి. నాకైతే మన సాహిత్యం కూడా అదే పని చేసిందనిపిస్తుంది, తలకిందులుగా. భాష ఆ మాటని చాడీ స్థాయికి దించితే, సాహిత్యం ఎత్తి పురాణం చేసింది. మధ్యలో ఉండాల్సిన పాలనా వ్యవహారం రెండు చోట్లా మాయం.

2022లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. సంతోషమే. ఆయన త్యాగానికి ఎంత చేసినా తక్కువే. కానీ ఆ కొండల్లో పుట్టి, ఆ కొండల్లో పోరాడి, బతికి బయటపడి, పార్లమెంటు దాకా వెళ్ళిన మనిషి ఒకడున్నాడు కదా. జిల్లా వద్దు, ఒక మంచి జీవితచరిత్ర నవల చాలు. ఎవరూ రాయలేదని బాధ కాదు, రాయొచ్చని ఎవరికీ తట్టకపోవడం బాధ.

ఊరి స్థాయికి దిగితే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. విశాఖ మన్యంలో పాత ఊళ్ళ పద్ధతి చూస్తే నాయుడు ఉంటాడు, అతను ఊరి పెద్ద. పూజారి ఉంటాడు. మంచిరోజు, చెడ్డరోజు, పంట, పెళ్ళి చూసి చెప్పే దిసారి ఉంటాడు. కబురు మోసే బారికి ఉంటాడు. ఎవరి శాఖ వాళ్ళది. పెద్ద చెప్తే దిసారి వినాలని లేదు, దిసారి రోజు చూడకపోతే పెద్దకి పని జరగదు. బారికి అందరికన్నా కింద, కానీ బయటి ఆఫీసరు వచ్చినప్పుడు మాట అతని నోట్లోంచే పోతుంది. కబురు ఎలా చెప్తే అలా నడుస్తుంది. దీన్ని కేబినెట్ అనకపోతే మరి దేన్నంటారు? దీని పక్కనే చెప్పుకోవాల్సినది ఒకటుంది. అక్కడి ఒక తెగ పేరే పోర్జ. ఒడియాలో పరజా, మన ప్రజ. రాజు ఉన్నాడు కాబట్టి మేం ప్రజ అని తెగ పేరే చెప్తోంది. పాలకుడికీ పాలితుడికీ ఉన్న లెక్క ఒంటి పేరులోనే మోస్తున్నవాళ్ళని మనం "రాజ్యమంటే తెలియని అడవి బిడ్డలు" అని రాస్తాం.

ఒడియా వాళ్ళు ఈ విషయంలో మనకన్నా ముందున్నారు. గోపీనాథ్ మహంతి కొరాపుట్‌లో ఉద్యోగం చేస్తూ పరజాల మీద ఒక నవల, కోందుల మీద ఒక నవల రాశాడు. రెండోది, 1955లో సాహిత్య అకాడెమీ అవార్డు తెచ్చుకున్నది, 'అమృత సంతానం'గా పురిపండా అప్పలస్వామి తెలుగు చేశారు. ముసలి సావొంతా చనిపోవడంతో మొదలవుతుంది. సావొంతా అంటే ఊరి పెద్ద. కొడుకు దివుడు పెద్ద అవుతాడు. చాలామంది ఈ నవలని ప్రకృతి వర్ణనల కోసం, పుయు అనే ఆ భార్య పాత్ర కోసం చదువుతారు. నేనూ అలాగే చదివాను మొదటిసారి. రెండోసారి చదివినప్పుడు పట్టుకున్నది వేరు. తండ్రి కూర్చున్న చోట కూర్చోవడం కొడుక్కి ఎంత బరువో, ఆ పదవి పేరు చెప్పుకుని తనకి తాను ఏమేం అనుమతులు ఇచ్చుకుంటాడో, ఇంట్లో పెళ్ళాం ముందు ఊరి పెద్ద ఎంత చిన్నవాడో. అరకు నించి కొండ దిగితే కొరాపుట్ వైపే వెళ్తాం. అదే కొండ, అదే కోందులు. నవల మాత్రం అటువైపు పుట్టింది.

వర్ణనలు ఎక్కువయ్యాయని ఆ నవల మీద నాకూ అక్కడక్కడా విసుగు ఉంది. అది వేరే వ్యాసం.

ఇక ఆర్ఆర్ఆర్. ఆ సినిమా చివర్లో రామ్, భీమ్‌ని ఏం కావాలని అడుగుతాడు. భీమ్ చదువు అడుగుతాడు. థియేటర్‌లో చప్పట్లు. దీని మీద అప్పట్లోనే చాలామంది రాశారు, నేను కొత్తగా కోపం తెచ్చుకోవడం లేదు. ఒక్క చిన్న విషయం చెప్పి ముందుకెళ్తాను. అసలు కొమురం భీం అడిగింది అక్షరాలు కాదు. జోడేఘాట్ చుట్టూ పన్నెండు ఊళ్ళు. ఆ పన్నెండు ఊళ్ళ మీద గోండుల అధికారం. నిజాం ప్రభుత్వం ముందు పెట్టిన డిమాండ్ అది, సరిహద్దులతో సహా. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన 'కొమురం భీం' నవలకి ఈ విషయంలో మార్కులు వెయ్యాలి. పన్నెండు ఊళ్ళ లెక్క అందులో పోలేదు. 1940లో భీంని చంపేశాక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ని పిలిపించి ఈ గోండులకి ఏం కావాలో కనుక్కోమంది. ఏం కావాలో భీం చెప్పే ఉన్నాడు.

ఈ మధ్య ప్రపంచంలో సొంత దేశాలు ప్రకటించుకున్నవాళ్ళ గురించి చదవడం నాకొక సరదా అయింది. ఇంగ్లండ్ తీరం దగ్గర సముద్రంలో ఒక పాత కోట మీద సీలాండ్. ఆస్ట్రేలియాలో హట్ రివర్. ఇది ఇంకా ముచ్చటైనది. లెనార్డ్ కాస్లీ అనే గోధుమ రైతు, ప్రభుత్వం పెట్టిన గోధుమల కోటా నచ్చక 1970లో తన పొలాల్ని ప్రత్యేక దేశమన్నాడు. తనకి ప్రిన్స్ అని పేరు పెట్టుకున్నాడు. స్టాంపులు, నాణేలు, పాస్‌పోర్టులు వేసుకున్నాడు. యాభై ఏళ్ళు నడిపారు, పన్ను బాకీల బరువుతో 2020లో మూసేశారు. టూరిస్టులు వెళ్ళి ముద్ర వేయించుకుని వచ్చేవాళ్ళు. మనం చిన్నప్పుడు చీటీల మీద రాజు, మంత్రి, పోలీసు, దొంగ అని రాసుకుని ఆడుకున్న ఆటే, కాకపోతే పెద్దవాళ్ళు ఆడారు. లోకం నవ్వుకుంది, అంతే. మన దగ్గర కూడా కృష్ణా జిల్లా మధ్యలో చిక్కుకున్న నిజాం జాగీరు పరిటాల, హైదరాబాద్ విలీనానికి ముందు తనని తాను రిపబ్లిక్ అని ప్రకటించుకుంది. మాదపాటి వెంకటేశ్వరరావు అధ్యక్షుడు. అక్కడివాళ్ళు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి. కానీ గోధుమ రైతు చేస్తే వింత, కృష్ణా జిల్లా రైతు చేస్తే రిపబ్లిక్, గోండు చేస్తే తూటా. ఆ తర్వాత ఎనభై ఏళ్ళకి సినిమా తీసి, అతని చేత పలకా బలపం అడిగించడం.

విప్లవ సాహిత్యం ఈ లోటు పూడ్చిందా? కొంత. బయటి దొంగని అది అందరికన్నా స్పష్టంగా చూపించింది. వడ్డీ లెక్కలు, సంతలో తూకం మోసాలు, ఫారెస్టు వాళ్ళ మామూళ్ళు దాని వల్లే మనకి తెలిశాయి. కానీ ఆ కథల్లో ఒక వ్యాకరణ విశేషం ఉంది. పార్టీ అన్న మాట అక్కడ ఎప్పుడూ ఏకవచనమే. "పార్టీ చెప్పింది", "పార్టీ చూసుకుంటుంది". ఏ పార్టీ అని అడిగే పాత్ర ఉండదు. దండకారణ్యంలో మావోయిస్టులు నడిపిన జనతన సర్కార్‌కి తొమ్మిది శాఖలున్నాయని అరుంధతీ రాయ్ 2010లో అడవిలో తిరిగొచ్చి రాసిన వ్యాసంలో ఉంది. వ్యవసాయం, వ్యాపారం, న్యాయం, రక్షణ, ఆసుపత్రి, బడి, అడవి, ఇలా. అది చదివినప్పుడు నాకు నిజంగానే ఉత్సాహం కలిగింది. కొండ మీద కేబినెట్ ఉంది, శాఖలున్నాయి! కాసేపటికి ఒక సందేహం. వ్యవసాయ శాఖ చూసే మనిషికీ అడవి శాఖ చూసే మనిషికీ పోడు గురించి తేడా వస్తే? ఓడిపోయిన వర్గం ఎక్కడికి పోతుంది? తొమ్మిది శాఖలూ ఉండి ప్రతిపక్షం లేకపోతే అది మళ్ళీ పెద్దల ఏక కంఠమే. ఈ సందేహం చుట్టూ కథ అల్లిన రచయిత కనపడలేదు.

ఇప్పుడు చెప్పబోయేది జరిగి ఎంతో కాలం కాలేదు, అందుకని కాస్త జాగ్రత్తగా చెప్తాను. 2014లో అరకు అసెంబ్లీకి ఇద్దరు ఒకరి మీద ఒకరు పోటీ చేశారు. వైయస్సార్ కాంగ్రెస్ నించి కిడారి సర్వేశ్వరరావు, తెలుగుదేశం నించి అప్పటి ఎమ్మెల్యే సివేరి సోమ. కిడారి గెలిచాడు. రాష్ట్రంలోని ఏడు ఎస్టీ సీట్లలో ఆ ఏడాది వైయస్సార్ కాంగ్రెస్ ఆరు గెలిచింది, తెలుగుదేశానికి దక్కింది పోలవరం ఒక్కటే. ప్రభుత్వం మాత్రం తెలుగుదేశానిది. తర్వాత ఆ ఆరుగురిలో ముగ్గురు పార్టీ మారారు, కిడారి ఒకరు. అంటే నిన్నటి ప్రత్యర్థులిద్దరూ ఒకే పార్టీలోకి వచ్చారు. 2018 సెప్టెంబర్ 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు ఇద్దర్నీ ఒకేసారి చంపేశారు.

మంత్రివర్గంలో అప్పటికి నాలుగేళ్ళకి పైగా గిరిజనుడు ఒక్కడూ లేడు. గిరిజన సంక్షేమ శాఖ ఉంది, గిరిజన మంత్రి లేడు. నవంబర్ 11న కిడారి కొడుకు శ్రావణ్ కుమార్‌ని కేబినెట్‌లోకి తీసుకుని ఆ శాఖ ఇచ్చారు. అతను ఏ సభలోనూ సభ్యుడు కాదు. రాజ్యాంగం ప్రకారం ఆరు నెలల్లో ఎన్నిక కావాలి. 2019 ఏప్రిల్ 11న పోలింగ్ అయింది, అతనూ అరకులో నిలబడ్డాడు. లెక్కింపు మే 23న. ఆరు నెలల గడువు దానికి ముందే వచ్చేసింది. ఓట్లన్నీ మిషన్లలో తాళం వేసి ఉండగా, గెలిచాడో ఓడాడో తెలియకుండానే రాజీనామా చేశాడు. తర్వాత తెలిసింది, ఓడిపోయాడని.

ఇది రాసుకోవడానికి ఎంత పెద్ద నవల! పార్టీ మారడంలో ఆశ ఉంది, అవసరం ఉంది, నియోజకవర్గానికి నిధులు రావాలంటే అధికార పక్షంలో ఉండాలన్న పాత లెక్క ఉంది. ప్రత్యర్థులిద్దరూ ఒకే కారణానికి చనిపోవడం ఉంది. తండ్రి చావు వల్ల దక్కిన శాఖ ఉంది. తెల్లారితే ఆ శాఖ పోతుందని కేలెండర్ చూస్తూ కూర్చున్న కొత్త మంత్రి ఉన్నాడు. ఇందులో బయటి దొంగ ఒక్కడే కాదు, దేవుడు అసలు లేడు. మనవాళ్ళు దీన్ని ముట్టుకోరు. ముట్టుకుంటే పార్టీ మారిన గిరిజనుడిని ఏ గదిలో పెట్టాలి? బాధితుడి గదిలో పట్టడు, వీరుడి గదిలో పట్టడు.

ఓటర్ల సంగతీ ఇంతే. "గుర్తు చూసి గుద్దేస్తారు పాపం" అని కిందివాళ్ళు అంటుంటారు. 2014లో రాష్ట్రం ఒకవైపు వెళ్తే కొండ ఇంకోవైపు వెళ్ళింది. 2024లో వైయస్సార్ కాంగ్రెస్‌కి రాష్ట్రం మొత్తం మీద పదకొండు సీట్లు వస్తే అందులో రెండు అరకు, పాడేరు. ఆ పార్టీ మంచిదా చెడ్డదా అని కాదు. మైదానం గాలికి కొట్టుకుపోని ఓటు అని చెప్తున్నా. దాని వెనక ఒక తర్కం ఉండి ఉంటుంది, కుటుంబాలు, తెగలు, భగతలకీ కోందులకీ కొండదొరలకీ వాల్మీకులకీ మధ్య పాత లెక్కలు ఉంటాయి. సెఫాలజిస్టులు శాతాలు చెప్తారు. ఆ లెక్క లోపలి నించి ఎలా ఉంటుందో కథే చెప్పాలి.

మీకివన్నీ ఎలక్షన్ కబుర్లలా అనిపించవచ్చు, సాహిత్యానికేం సంబంధం అనిపించవచ్చు. అయిదో షెడ్యూల్ ప్రకారం రాష్ట్రంలో గిరిజన సలహా మండలి ఒకటుంటుంది. ఇరవై మందికి మించకూడదు, నాలుగింట మూడు వంతులు ఎస్టీ ఎమ్మెల్యేలు ఉండాలి. మనకున్నదే ఏడుగురు. ఆ మండలి గవర్నర్ అడిగిన విషయాల మీదే సలహా చెప్తుంది. కొండలకి సొంత చట్టసభ లాంటిది రాజ్యాంగం ఇచ్చింది ఇంతవరకే, అదీ అడిగితేనే. ఏజెన్సీ బళ్ళలో టీచరు ఉద్యోగాలన్నీ గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. అక్కడి పిల్లలు రోడ్ల మీదికొచ్చారు. మన సాహిత్య లోకంలో పెద్దగా అలికిడి లేదు. పోలీసు కాల్పులైతే కవితలు వచ్చేవి. జీవో మీద కవిత ఎలా రాస్తాం? నాకు తెలిసి కష్టం ఇక్కడే. కొండ మీది మనిషి ఫైలుతో, కోర్టుతో, కమిటీతో పోట్లాడుతున్న కాలంలో మన దగ్గర విల్లంబుల భాష తప్ప ఇంకో భాష లేదు.

లోపలి గొంతులు వస్తున్నాయి, అది కాదనను. 'శిలకోల' రాసిన మల్లిపురం జగదీష్ లాంటివాళ్ళు వచ్చాక కొండని చూసే చూపు కొంత సర్దుకుంది. నాలాంటి విశాఖవాళ్ళకి అరకు అంటే కిరండూల్ రైలు, బొర్రా గుహలు, బొంగులో చికెన్, ఈమధ్య కాఫీ. ఆ కాఫీ తాగుతూ ఆదివాసీ అస్తిత్వం గురించి మాట్లాడటం మాకు సులువు. అందుకే ఆ రచయితల్ని నేను అడగాలనుకునేది కూడా కాస్త పెత్తనంగానే వినిపిస్తుందేమో. అయినా అడుగుతాను. మీ ఊళ్ళో తగువులు రాయండి. ఎంపీటీసీ టిక్కెట్టు కోసం అన్నదమ్ములు మాట్లాడుకోని ఇల్లు రాయండి. మీవాళ్ళ పరువు పోతుందని భయపడొద్దు. మావాళ్ళ పరువు తీసిన నవలలు వంద ఉన్నాయి, అవే మా మంచి నవలలు.

కొటియా మీద ఎవరైనా రాస్తే బాగుండునని చాలా రోజులుగా అనుకుంటున్నా. సాలూరుకి పైన, ఒడిశా పొట్టంగికి ఇవతల, ఇరవై ఒక్క ఊళ్ళు. 1936లో ఒడిశా విడిపోయి, జయపురం సంస్థానం అటు వెళ్ళినప్పుడు ఈ ఊళ్ళని సరిగ్గా కొలవలేదు. రెండు రాష్ట్రాలూ మావంటే మావన్నాయి. 1968లో సుప్రీంకోర్టుకి వెళ్తే ఉన్నది ఉన్నట్టు ఉంచమంది. 2006లో కేసు తేలకుండానే ముగిసింది. అప్పటి నించి ఆ ఊళ్ళకి రెండు ప్రభుత్వాలు. రెండు రేషన్ కార్డులు, రెండు రకాల బళ్ళు, రెండు భాషల బోర్డులు, ఇంట్లో మాట్లాడేదేమో కువి. ఊళ్ళకి పేర్లు కూడా రెండేసి. మనం గంజాయిభద్ర అంటే వాళ్ళు గంజెయిపదర్ అంటారు, మన పట్టుచెన్నూరు వాళ్ళకి ఫటుసెనేరి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారం కేసు వేసింది. ఇంకో తిరకాసు కూడా ఉంది. గిరిజన సంక్షేమానికి మంత్రి ఉండి తీరాలని రాజ్యాంగం 164వ అధికరణంలో పేరు పెట్టి చెప్పిన నాలుగు రాష్ట్రాల్లో ఒడిశా ఉంది, ఆంధ్ర లేదు. అంటే కొటియా మనిషికి ఒక కార్డు ప్రకారం ఆ మంత్రి రాజ్యాంగబద్ధం, ఇంకో కార్డు ప్రకారం ముఖ్యమంత్రి దయ.

పత్రికలు ఎప్పుడు రాసినా "రెండు రాష్ట్రాల మధ్య నలిగిపోతున్న గిరిజనం" అని రాస్తాయి. నలుగుతున్న మాట నిజం. డోలీలో మోసుకెళ్ళాల్సిన రోగికి రెండు ప్రభుత్వాలుండి ఒక్క అంబులెన్స్ రాకపోవడం నిజం. కానీ నలిగేవాళ్ళు ఊరుకోలేదు. ఒకరు రోడ్డు వేస్తామంటే ఇంకొకరి దగ్గరికి వెళ్ళి వాళ్ళు రోడ్డు వేస్తున్నారు, మీరేమిస్తారని అడిగారు. పింఛను ఎటు ఎక్కువో లెక్కేసుకున్నారు. దీన్ని అవకాశవాదం అనేవాళ్ళు రెండు పెద్ద దేశాల మధ్య ఉన్న చిన్న దేశం ఇదే పని చేస్తే విదేశాంగ విధానం అంటారు.

2024 మే 13న ఆంధ్రలో పోలింగ్, కొరాపుట్‌లోనూ అదే రోజు. ఒకే పూట అరకు ఎంపీకి ఒక ఓటు, కొరాపుట్ ఎంపీకి ఒక ఓటు వేసి వచ్చినవాళ్ళ గురించి పేపర్లలో వచ్చింది. ఇటు ఫ్యాను, సైకిలు, కమలం, అటు శంఖం, చెయ్యి, మళ్ళీ కమలం. పొద్దున్నే లేచి, ఏ బూత్‌కి ముందు వెళ్ళాలి, ఇంక్ పెట్టిన వేలు రెండో చోట ఏం చెయ్యాలి, అటువైపు జీపు ముందొస్తుందా ఇటువైపు జీపు ముందొస్తుందా, ఏ జీపులో వెళ్తే తిరుగు ప్రయాణానికి ఎవరు తీసుకొస్తారు, ఇవన్నీ ముందు రోజు రాత్రి ఎక్కడో ఒక అరుగు మీద కూర్చుని మాట్లాడుకునే ఉంటారు కదా. నాయుడు ఒకటి చెప్పి ఉంటాడు, దిసారి ఇంకోటి, కుర్రాళ్ళు ఫోన్‌లో చూసి మూడోది. నాకు ఆ రాత్రి కావాలి. అరవై పేజీల నవలిక చాలు.